మైళ్ళు సరే, ఎక్కుడు ఎంతో కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

కాలిఫోర్నియాలోని సోనోమా కౌంటీ సైకిల్ దారుల మీద మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాం. ఫొటోలు కన్ను తిప్పుకోనివ్వలేదు. ఒక పక్క పసిఫిక్ సముద్రం, ఇంకో పక్క గడ్డి కొండలు, వాటి వెనక ద్రాక్ష తోటలు. తప్పు పట్టాల్సింది ఫొటోల కింద వేసిన అంకెలనే. హీల్డ్స్‌బర్గ్ దగ్గరి డ్రై క్రీక్ లోయ చుట్టు 25 మైళ్ళు, మాంటే రియో నుంచి కింగ్ రిడ్జ్ అనే కొండ రోడ్డు మీదుగా సముద్రం దాకా వెళ్ళొచ్చే చుట్టు 52 మైళ్ళు అని రాసి ఊరుకున్నారు. చదివినవాళ్ళు ఏమనుకుంటారు? మొదటిది పూటలో అయిపోతే రెండోది ఒక రోజు పని అనుకుంటారు. పైగా రెండో దారి మ్యాప్‌లో బాణాలు గడియారం ముల్లు తిరిగే వైపు వేశారు. ఈ రెండు పొరపాట్లూ కలిస్తే ఆ దారిలో కొత్తగా దిగినవాళ్ళు కొండ మధ్యలో సైకిల్ తోసుకుంటూ నడవాల్సి వస్తుంది. అందుకే ఇంత పెద్ద ఉత్తరం.

కొండ దారుల్లో దూరంతో ఏమీ తెలియదు. మైలుకు ఎన్ని అడుగుల ఎక్కుడు పడుతుందో, అంటే ఎంత ఎత్తు ఎక్కాలో చూడాలి. డ్రై క్రీక్ చుట్టులో మొత్తం ఎక్కుడు దాదాపు 1,000 అడుగులు. 25తో భాగిస్తే మైలుకు 40. ఇది దాదాపు చదును దారి కిందే లెక్క. కింగ్ రిడ్జ్ చుట్టులో ఎక్కుడు 5,000 అడుగుల పైమాటే, అంటే మైలుకు 100 దాకా. మైలుకు 50 లోపైతే ఎవరైనా తొక్కుతారు. 100 దగ్గరికి వస్తే కాళ్ళకు అలవాటు ఉండాలి. 100 దాటితే గేర్లు చూసుకోకుండా బయల్దేరకూడదు. ఈ 100 కూడా సగటే. దిగుడుకీ చదునుకీ పోయే మైళ్ళు తీసేస్తే ఎక్కే చోట అసలు వాలు 7 శాతం, 10 శాతం, కొన్ని ముక్కల్లో అంతకు మించి ఉంటుంది.

10 శాతం వాలు, అంటే 100 మీటర్లు పోతే 10 మీటర్లు ఎక్కడం, ఎంత కష్టమో లెక్క వేసి చూపిస్తాం. మనిషి, సైకిల్, నీళ్ళు, సామాను కలిపి 85 కిలోలు అనుకోండి. 10 శాతం వాలు మీద ఆ బరువు వెనక్కి లాగే బలం సుమారు 83 న్యూటన్లు. వారానికి రెండు మూడుసార్లు తొక్కే మనిషి గంటసేపు నిలకడగా ఇవ్వగలిగేది 150 నుంచి 200 వాట్లు. 180 అనుకుంటే ఆ వాలు మీద వేగం గంటకు 8 కిలోమీటర్ల లోపే. ముందు చిన్న పళ్ళచక్రానికి 34 పళ్ళు, వెనక పెద్దదానికి 34 పళ్ళు ఉంటే పెడల్ ఒక చుట్టుకు చక్రం ఒక చుట్టు తిరుగుతుంది, సైకిల్ 2.1 మీటర్లు కదులుతుంది. అప్పుడు పెడల్ నిమిషానికి 62 చుట్లు తిరుగుతుంది. మోకాళ్ళు ఓర్చుకుంటాయి. అదే వెనక పెద్ద పళ్ళచక్రం 28 దగ్గరే ఆగిపోతే చుట్లు 51కి పడతాయి. కాసేపైతే ఫరవాలేదు, గంటసేపైతే మోకాలి చిప్ప కింద నొప్పి మొదలవుతుంది. అద్దెకు తీసుకునేవాళ్ళు సైకిల్ రంగు, కంపెనీ పేరు చూడటం మాని వెనక పళ్ళచక్రాల కట్టలో (క్యాసెట్) పెద్ద చక్రానికి ఎన్ని పళ్ళున్నాయో అడగాలి. 32 కంటే తక్కువ చెబితే ఇంకోటి చూపించమనండి.

ఇక బాణాల సంగతి. మీ మ్యాప్ ప్రకారం వెళితే ముందు రష్యన్ రివర్ నది వెంట సముద్రం ఒడ్డున ఉన్న జెన్నర్ ఊరు చేరి, అక్కడి నుంచి 1వ నంబరు హైవే మీద ఉత్తరానికి తొక్కి, కుడికి తిరిగి మయర్స్ గ్రేడ్ అనే నిటారు రోడ్డు ఎక్కాలి. ఆ మయర్స్ గ్రేడ్‌లో దిగేవాళ్ళ కోసం 18 శాతం వాలు అని హెచ్చరిక బోర్డు పెట్టారు. దాన్నే మీరు ఎక్కమంటున్నారు. పై లెక్కే మళ్ళీ వేస్తే, 85 కిలోలకు వెనక్కి లాగే బలం 148 న్యూటన్లు. 180 వాట్లతో వేగం గంటకు 4.4 కిలోమీటర్లు, అంటే నడక. పెడల్ నిమిషానికి 35 చుట్లు. ఆ వేగంలో ముందు చక్రం తిన్నగా నిలవదు, అటూ ఇటూ తూలుతుంది. 7 కిలోమీటర్ల వేగం నిలబెట్టాలంటే 287 వాట్లు కావాలి. అది రేసులు తొక్కేవాళ్ళ లెక్క.

దానికి తోడు గాలి. వసంతం నుంచి వేసవి చివరి దాకా ఈ తీరంలో గాలి వాయవ్యం నుంచే వీస్తుంది. పొద్దెక్కేకొద్దీ బలపడుతుంది. ఉత్తరానికి తొక్కితే అది మొహం మీదే. అందుకని ఈ దారి తెలిసినవాళ్ళు మాంటే రియో నుంచి పొద్దున్నే కజడేరో వైపు వెళ్ళి, రెడ్‌వుడ్ చెట్ల నీడలో కింగ్ రిడ్జ్ ఎక్కి, హౌసర్ బ్రిడ్జ్ రోడ్డు, సీవ్యూ రోడ్డు మీదుగా మయర్స్ గ్రేడ్ దిగి, జెన్నర్‌కు ఉత్తరాన సుమారు 5 మైళ్ళ దగ్గర హైవే పట్టుకుంటారు. అంటే గడియారానికి అపసవ్యంగా. అప్పుడు హైవే మీద గాలి వెనక నుంచి వస్తుంది. అమెరికాలో బండ్లు కుడి పక్కన నడుస్తాయి కాబట్టి దక్షిణానికి వెళ్ళేవాళ్ళకు సముద్రం తమ వైపే ఉంటుంది. ఆగి చూడాలంటే రోడ్డు దాటక్కర్లేదు. జెన్నర్ దగ్గర రష్యన్ రివర్ సముద్రంలో కలుస్తుంది. అక్కడి నుంచి నది వెంట లోపలికి తిరిగితే మధ్యాహ్నపు సముద్రపు గాలి ఇంటి దాకా వీపు తడుతుంది. అలసిపోయిన ఆఖరి గంటలో ఆ సాయం ఎంతో తొక్కినవాళ్ళకే తెలుసు.

అలాగని అపసవ్యమే వేదం కాదు. ఆక్సిడెంటల్ అనే ఊరి నుంచి వెళ్ళే చిన్న చుట్టు ఒకటుంది: ఫ్రీస్టోన్, బొడేగా, బొడేగా బే, అక్కడి నుంచి హైవే మీద కొన్ని మైళ్ళు ఉత్తరానికి, తర్వాత కుడికి కోల్మన్ వ్యాలీ రోడ్డు ఎక్కి మళ్ళీ ఆక్సిడెంటల్. ఇది సవ్యదిశ. హైవే మీద ఎదురుగాలి తప్పదు. అయినా ఇదే మంచిది, ఎందుకంటే కోల్మన్ వ్యాలీ రోడ్డు సముద్రం వైపు చివరి 2 మైళ్ళలో సుమారు 700 అడుగులు పడిపోతుంది. రోడ్డు సన్నం, తారు గతుకులు, ఆవులు దాటకుండా రోడ్డుకు అడ్డంగా పరిచిన ఇనుప గొట్టాలు. దాన్ని దిగడం కన్నా ఎక్కడం నయం. టూర్ ఆఫ్ కాలిఫోర్నియా రేసులో పెద్ద పెద్ద రైడర్లను కూడా సముద్రం వైపు నుంచి ఈ రోడ్డే ఎక్కించారు. వాళ్ళు చెమటోడ్చిన చోట మనం ఒకసారి దిగి నడిచినా పరువేం పోదు.

ఆ ఇనుప గొట్టాల మీద పడేవాళ్ళు చాలామంది. గొట్టానికీ గొట్టానికీ మధ్య ఖాళీ ఉంటుంది, కింద గొయ్యి. పొగమంచు పడిన రోజు గొట్టం నూనె రాసినట్టు జారుతుంది. కనపడగానే ముందే వేగం తగ్గించుకోవాలి. దాని మీదకు వచ్చాక బ్రేకు ముట్టుకోకూడదు, హ్యాండిల్ తిప్పకూడదు. రెండు పెడల్స్ సమానంగా పెట్టి, సీటు మీంచి కాస్త లేచి, గొట్టాలకు సరిగ్గా అడ్డంగా, తిన్నగా దాటాలి. ఏటవాలుగా వెళితే ముందు చక్రం ఖాళీలోకి లాగేస్తుంది.

పొగమంచు గురించి మీ వ్యాసంలో "ఆహ్లాదకరమైన చల్లదనం" అని ఒక ముక్క ఉంది. ఆహ్లాదమే, ఒంటి మీద సరైన బట్ట ఉంటే. వాయవ్యపు గాలి పైనీళ్ళను తీరం నుంచి దూరంగా తోస్తుంది. ఆ ఖాళీలోకి అడుగు నుంచి చల్లటి నీళ్ళు పైకొస్తాయి. వాటి మీద గాలి చల్లబడి పొగమంచవుతుంది. లోపలి లోయల్లో ఎండకు వేడెక్కిన గాలి పైకి లేచి ఆ మంచును నది వెంట లోపలికి పీలుస్తుంది. జూలైలో తీరంలో 15 డిగ్రీలు, అదే గంటకు హీల్డ్స్‌బర్గ్‌లో 32 ఉండటం మామూలే. ఈ మంచుకు ఒక పైకప్పు ఉంది. ఫోర్ట్ రాస్ పక్క కొండల మీది తోటలకు 2012లో విడిగా ఫోర్ట్ రాస్-సీవ్యూ అని ద్రాక్ష ప్రాంతం గుర్తింపు వచ్చింది. ఆ తోటలు చాలావరకు 920 అడుగుల పైన ఉంటాయి, అంటే మంచు కప్పుకు పైన. కింద సముద్రం కనపడనంత మసక, పైన కాయకు తగలాల్సిన ఎండ. రైతుకు ఉపయోగపడే ఆ గీతే సైకిల్ మీద వెళ్ళేవాళ్ళకూ గుర్తు. సీవ్యూ రోడ్డు మీద చెమటతో తడిసి ఎండలో తొక్కుతుంటారు, మయర్స్ గ్రేడ్ దిగుతుంటే సగంలో మంచులోకి దిగిపోతారు. తడి చొక్కా, 50 కిలోమీటర్ల వేగం, 15 డిగ్రీలు. వేళ్ళు కొంకర్లు పోయి బ్రేకు నొక్కలేని స్థితి అప్పుడే వస్తుంది. గాలిని ఆపే పల్చటి జాకెట్ జేబులో పెట్టుకుని, దిగుడు మొదలవకముందే వేసుకోవాలి. వణుకు మొదలయ్యాక వేసుకుంటే ఉపయోగం లేదు.

దిగుడులో బ్రేకుల పని కూడా చూడండి. అదే 85 కిలోలు 300 మీటర్లు కిందికి వస్తే బ్రేకులూ గాలీ కలిసి మింగాల్సిన శక్తి 250 కిలోజౌళ్ళు. ముప్పావు లీటరు మామూలు నీళ్ళను మరిగే దాకా తేవడానికి సరిపోయేంత వేడి. భయంతో మొదటి నుంచి చివరి దాకా బ్రేకు లాగే పట్టుకుంటే ఆ వేడిలో ఎక్కువ భాగం రిమ్‌లోకో డిస్కులోకో పోతుంది. రిమ్ బ్రేకులైతే ట్యూబు పేలొచ్చు. కార్బన్ రిమ్ అయితే అంచు మెత్తబడి పాడవుతుంది. డిస్క్ అయితే ప్యాడ్ మీద గాజులాంటి పొర కట్టి కీచుమంటుంది, పట్టు తగ్గుతుంది. తిన్నటి రోడ్డు మీద వదిలి, మలుపుకు ముందు రెండు బ్రేకులూ గట్టిగా వేసి, మలుపులో వదిలేయాలి. మధ్య మధ్య వదిలితేనే గాలి తగిలి చల్లారతాయి. ఇంకొకటి: అమెరికా సైకిళ్ళలో మామూలుగా ఎడమ చేతి లీవరు ముందు బ్రేకుకు, కుడి చేతిది వెనక బ్రేకుకు. ఇంటి దగ్గర కుడి చేతితో ముందు బ్రేకు వేయడం అలవాటైనవాళ్ళు అద్దె సైకిల్ ఎక్కగానే ఖాళీ స్థలంలో నాలుగుసార్లు వేసి చూసుకోవాలి. 18 శాతం మీద తెలుసుకునే సంగతి కాదిది.

మయర్స్ గ్రేడ్ హైవేలో కలిసే చోట ఆగాలి. ఆ కూడలిలో ఎడమకు తిరగాలి. దగ్గరి వరుసలో బండ్లు ఎడమ వైపు నుంచి వస్తాయి. ఎడమ పక్కన నడిచే దేశంలో పెరిగినవాళ్ళ మెడ అలవాటుగా ముందు కుడికి తిరుగుతుంది. ముందు ఎడమ, తర్వాత కుడి, మళ్ళీ ఎడమ చూసి కదలండి. అక్కడి నుంచి జెన్నర్ దాకా రోడ్డు అంచున నడిచే జాగా దాదాపు లేదు. ఇల్లంత బండ్ల అద్దాలు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. కాలిఫోర్నియా చట్టం ప్రకారం సైకిల్‌ను దాటే బండి కనీసం 3 అడుగులు ఎడం ఇవ్వాలి, ఇది 2014 సెప్టెంబరు నుంచి ఉంది. 2023 జనవరి నుంచి వీలైన చోట పక్క వరుసలోకి మారి మరీ దాటాలి. సైకిల్‌కూ ఒక బాధ్యత ఉంది: రెండు వరుసల రోడ్డు మీద దాటే వీలు లేక వెనక 5 బండ్లు చేరితే, పక్కకు తొలగే చోటు రాగానే తొలగి దారివ్వాలి. చాలామంది సైకిల్ వాళ్ళకే ఈ సంగతి తెలియదు.

ద్రాక్ష తోటల మధ్య దారి చదునుగా ఉంటుంది కాబట్టి ప్రమాదం లేదనుకోకండి. డ్రై క్రీక్ లోయకు రెండు పక్కలా రెండు రోడ్లున్నాయి. తూర్పు పక్కది వెడల్పు, బండ్లు వేగంగా పోతాయి. పడమటి పక్క వెస్ట్ డ్రై క్రీక్ రోడ్డు సన్నం, మలుపులు, బండ్లు తక్కువ. సైకిల్‌కు అదే హాయి. కానీ ఆగస్టు నుంచి అక్టోబరు దాకా కోతలు. కోత చాలావరకు రాత్రి దీపాల వెలుగులో మొదలై పొద్దున్నే ముగుస్తుంది. అరటన్ను పట్టే డబ్బాలు పేర్చుకున్న ట్రాక్టర్లు, లారీలు సరిగ్గా సైకిల్ వాళ్ళు బయల్దేరే వేళకే తోట గట్టు నుంచి రోడ్డెక్కుతాయి. మలుపులో రాలిపడి నలిగిన గుత్తుల రసం మీద టైరు జారుతుంది, దాని మీద కందిరీగలు ముసురుతుంటాయి. వసంతం నుంచి కాయ రంగు తిరిగే దాకా బూడిద తెగులు రాకుండా గంధకం పొడి చల్లుతారు, అదీ గాలి ఆడని తెల్లవారుజామునే. పసుపు పొగ కనపడితే ఆగండి, అది స్థిరపడ్డాక వెళ్ళండి. కంట్లో పడితే ఆ పూట సవారీ అక్కడితో సరి.

పంక్చర్ల విషయానికొస్తే మన పల్లేరు అక్కడా ఉంది. అదే మొక్క, అవే ముళ్ళు. లోపలి లోయల్లో రోడ్డు అంచు మట్టిలో ఎండాకాలం చివర రాలి ఉంటాయి. టైరుకు గుచ్చుకున్న పల్లేరు కాయను అక్కడే పీకితే గాలి వెంటనే పోతుంది. ట్యూబు, అతుకులు, పంపు చేతిలో ఉన్నప్పుడే పీకండి. తోట పందిళ్ళ తీగ ముక్కలు, మేకులు రెండో కారణం. కొత్త ట్యూబు వేసేముందు టైరు లోపల వేలికి గుడ్డ చుట్టి ఒక చుట్టు తిప్పి చూడాలి. ఆ ముల్లు లోపలే ఉంటే కొత్త ట్యూబు పది నిమిషాలు కూడా ఉండదు. 28 మిల్లీమీటర్ల కంటే సన్న టైరు ఈ రోడ్లకు పనికిరాదు. 75 కిలోల మనిషి 28కి 70, 75 పౌండ్లు గాలి పెట్టుకుంటే చాలు. ట్యూబు లేని 32కైతే 55 దగ్గర. రాయిలా గట్టిగా నింపితే వేగం పెరుగుతుందనేది ఈ గతుకు తారు మీద భ్రమ. చక్రం ఎగిరెగిరి పడుతుంది, మలుపులో పట్టు ఉండదు.

తోటల దగ్గర ఆగి వైన్ రుచి చూసేవాళ్ళకు ఒక లెక్క. ఒక్కో రుచికి సుమారు ఒక ఔన్సు పోస్తారు. అయిదు రుచులంటే ఒక నిండు గ్లాసు. రెండు తోటల్లో ఆగితే రెండు గ్లాసులు, ఎండలో, ఒంట్లో నీళ్ళు తగ్గిన పూట. రుచి చూసి ఉమ్మేయడానికి అక్కడ గిన్నె పెడతారు, అలా చేయడం అమర్యాద కాదు. మత్తులో సైకిల్ తొక్కడం కాలిఫోర్నియాలో నేరమే, 250 డాలర్ల దాకా జరిమానా.

నీళ్ళు. కజడేరో దుకాణం దాటాక జెన్నర్ దాకా 30 మైళ్ళ పైచిలుకు ఏమీ దొరకదు. దూరం మామూలే, టైము ఎక్కువ: ఎక్కుడుతో అది మూడున్నర, నాలుగు గంటలు. ఒక్కొక్కరికి రెండున్నర లీటర్లు కావాలి. సీసాల బిగింపులు రెండే ఉంటాయి కాబట్టి ముప్పావు లీటరు సీసాలు రెండు, మిగతాది వీపు సంచిలో. ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల అందదు. మ్యాప్ ముందే ఫోన్‌లోకి దించుకోవాలి. చైను తెగితే అతికే లింకు ఒకటి, చైను పిన్ను తీసే పనిముట్టు ఒకటి మీ దగ్గరే ఉండాలి, ఎవరో వస్తారని కూర్చోకూడదు.

కాలం: నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వానలు. కజడేరో ఆ రాష్ట్రంలో వాన బాగా పడే ఊళ్ళలో ఒకటి, చరియలు విరిగి రోడ్లు మూసేస్తారు. వేసవిలో కూడా రెడ్‌వుడ్ చెట్ల నుంచి మంచు నీళ్ళు కారి రోడ్డు నాచు పట్టి ఉంటుంది. ఎండలోంచి ఆ నీడలోకి వెళ్ళగానే కాసేపు కళ్ళు కనపడవు. నల్లద్దాలు ముందే పైకి నెట్టుకోండి. సెప్టెంబరు, అక్టోబరుల్లో కార్చిచ్చు హెచ్చరిక ఉన్న రోజు కొండ మీదికి వెళ్ళకండి. 2019 అక్టోబరులో కింకేడ్ మంటలు, 2020 ఆగస్టులో వాల్‌బ్రిడ్జ్ మంటలు ఈ చుట్టుపక్కల కొండల్లోవే. మే, జూన్‌లు మా దృష్టిలో అన్నిటికన్నా మంచి నెలలు.

కారు లేనివాళ్ళకు: శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి లార్క్‌స్పర్‌కు లాంచీ, అక్కడి నుంచి స్మార్ట్ (SMART) అనే పేరున్న స్థానిక రైలు. రెండిట్లోనూ సైకిల్ తీసుకెళ్ళొచ్చు. 2025 మే చివరి నుంచి రైలు విండ్సర్ దాకా వెళ్తోంది, అక్కడి నుంచి హీల్డ్స్‌బర్గ్ దగ్గరే. మీ వ్యాసంలో అద్దె కారు తప్ప ఇంకో దారి చెప్పలేదు.

ఈ మ్యాప్ మళ్ళీ వేసే పక్షంలో ప్రతి దారి కిందా మొత్తం ఎక్కుడు, అన్నిటికన్నా నిటారు వాలు, నీళ్ళు దొరికే చోట్ల మధ్య దూరం వేయండి. జాగా చాలకపోతే ఒక ఫొటో తగ్గించండి. అది కూడా కుదరకపోతే, కింగ్ రిడ్జ్ మ్యాప్‌లో బాణాలు మాత్రం వెనక్కి తిప్పి ఒక సవరణ వేయండి.

ఇట్లు,
సోనోమా దారులు తెలిసిన పాఠకులు